గదికొక ప్లాటినం

హైదరాబాదు,
6 ఏప్రిల్ 2025.

మామయ్యా,

నీ ఫోను ఇంకా అత్తయ్య బీరువాలోనే ఉందని అమ్మ చెప్పింది. గుడివాడ పెదనాన్న సన్యాసం పుచ్చుకున్నాడని చుట్టాల గ్రూపులో నువ్వు పెట్టిన మెసేజి చూసి రెండు ఆటోల జనం ఏడ్చుకుంటూ వాళ్ళింటి ముందు దిగారట కదా. ఆయన అప్పుడు పెసరట్టు తింటున్నాడట. ఏడాది పాటు ఫోను లేకపోవడం నీకు తక్కువ శిక్షే. నేను మాత్రం నీ పుణ్యమా అని పోస్టాఫీసు ఎక్కడుందో ముగ్గుర్ని అడిగి తెలుసుకున్నాను.

ఇక అసలు సంగతి. నేను చేరిన కొత్త కంపెనీ పని ఊళ్ళను ఊళ్ళతో పోల్చడం. అందంలో కాదు, గ్రీన్ బిల్డింగుల్లో. ఒక భవనం నీళ్ళు ఎన్ని వాడుతుంది, కరెంటు ఎంత తాగుతుంది, పగలు లైట్లు లేకుండా గడుస్తుందా అని కొలిచేవాళ్ళుంటారు. కొలిచి, మార్కులు వేసి, సర్టిఫికెట్ ఇస్తారు. మార్కుల్ని బట్టి సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని గేటు దగ్గర పలక పెట్టుకోవచ్చు. ఏ ఊళ్ళో అలాంటివి ఎన్ని ఉన్నాయో మేం లెక్కపెట్టి వరస కడతాం. ఆ వరస చూసి పెద్ద కంపెనీలు ఆఫీసు ఎక్కడ తెరవాలో ఆలోచించుకుంటాయి.

చిన్న ఊళ్ళ భాగం నాకిచ్చారు. మా జాబితాలో విజయవాడకి పదకొండు ఉన్నాయి. విశాఖకి అంతకు రెట్టింపు పైనే. ఆ పదకొండూ నిజంగా ఉన్నాయో లేదో ఎవరైనా వెళ్ళి చూసి ఫారాలు నింపాలి. నువ్వు స్కూటరు మీద ఓ వారం తిరిగితే అయిపోతుంది. ప్రతి ఫారానికీ పలక ఫోటో అంటించాలి.

జులై దాకా నా ఉద్యోగం పరీక్ష మీదే. ఈ భాగం సరిగ్గా వస్తేనే ఖాయం చేస్తామని మా జీవరత్నం మేడం ముందే చెప్పారు. అందుకని ఈ ఒక్కసారికి బుద్ధిగా ఉండు మామయ్యా.

నీ కోడలు పిల్ల,
ఉష


గవర్నర్‌పేట, విజయవాడ,
19 ఏప్రిల్ 2025.

ఒసే ఉషా,

ఆశీర్వాదాలు తరవాత. ముందు నాకో సంగతి చెప్పు. విశాఖపట్నం మనకంటే పైన ఎలా ఉంటుంది? వాళ్ళకి సముద్రం ఉంది, కాదనను. మీ వాళ్ళు సముద్రానికి కూడా మార్కులు వేశారా?

మీ ఫారం ఇంటర్ రెండుసార్లు తప్పినవాడికి అర్థమయ్యేలా లేదు. మన లాడ్జిలో దిగిన కోచింగ్ కాలేజీ లెక్చరరు చేత చదివించుకున్నాను. ఆయనా రెండుచోట్ల తడబడ్డాడు, అదొక ఓదార్పు.

వన్ టౌన్‌లో తాళ్ళూ టార్పాలిన్లూ అమ్మే మన అబ్దుల్ రవూఫ్ భాయ్‌ని వెనకాల ఎక్కించుకుని బయల్దేరాను. ఫోటోలు తీయడానికి ఆయన ఫోనే దిక్కు. రింగు రోడ్డు మీద మొదటి భవనం నిలువెల్లా అద్దం. గోల్డు పలక ఉంది. ఎండ కొడుతుందని లోపల తెరలు దించారు. తెరలు దించారు గనక చీకటి. చీకటి గనక మిట్టమధ్యాహ్నం లైట్లన్నీ వెలుగుతున్నాయి. వాచ్‌మన్ బయట గొడుగు కింద కూర్చున్నాడు.

"లోపల చల్లగా ఉంటదా బాబూ?" అన్నాను.

"మాకెట్టా తెలుస్తదండీ, మమ్మల్ని లోపలికి రానీరుగా" అన్నాడు.

రవూఫ్ భాయ్ స్కూటరు దిగకుండానే, "దీనికి గోల్డిచ్చారంటే నా గోడౌన్‌కి ఏమివ్వాలి భాయ్? గోడలు రెండు మూరల మందం. మే నెలొస్తే పేటలో పిల్లులన్నీ అక్కడికే వస్తాయి" అన్నాడు.

ఆ మాట నా బుర్రలో దిగింది.

నువ్వు పంపిన ఫారాలు చాల్లేదు. జిరాక్స్ తీయించాను. మొత్తం నలభై ఐదు పంపుతున్నాను. మొదటి పదకొండూ నీ జాబితావి. తక్కిన ముప్ఫై నాలుగూ మీ వాళ్ళ కంటికి ఆననివి. అన్నిటికీ పలకలున్నాయి, నా కళ్ళతో చూశాను. ఆఖర్న 'ఇతర వివరాలు' అన్నచోట తెలుగులో విపులంగా రాశాను. పక్కన మంచినీళ్ళ గ్లాసు పెట్టుకుని తీరిగ్గా చదువు.

"ఆ పిల్ల ఉద్యోగంలో వేలు పెట్టకండి" అంటున్నది మీ అత్త రామతులసి. ఆవిడకి ఈ ఊరి మీద అభిమానం ఎందుకుంటుంది, పుట్టిల్లు ఏలూరు కదా.

ఇట్లు, బెజవాడ పరువు మోస్తున్న మేనమామ,
తిరుపతిరావు


హైదరాబాదు,
5 మే 2025.

మామయ్యా,

నీ కాళ్ళు ఎక్కడున్నాయో చెప్పు, దణ్ణం పెడతాను.

నీ ఫారాల కట్ట వచ్చేసరికి నేను ఆఫీసు పని మీద పుణెలో ఉన్నాను. నా పక్క సీటు చక్రి మొత్తం కంప్యూటర్లోకి ఎక్కించాడు. వాడు పుట్టి పెరిగింది నాగపూర్‌లో. తెలుగు మాట్లాడతాడు గానీ చదవడం రాదు. టిక్కులూ నెంబర్లూ ఫోటోలూ ఎక్కించి, తెలుగు రాతంతా నాకోసం పక్కన పెట్టాడు. అది చదివే తీరిక ఇంకా దొరకలేదు.

నేను తిరిగొచ్చేసరికి విజయవాడ నలభై ఐదు. విశాఖను దాటేసింది. మా జీవరత్నం మేడంది అవనిగడ్డ. ఎప్పుడూ ముఖంలో ఏదీ కనపడనివ్వని మనిషి, మీటింగులో "మా బెజవాడండీ" అని మూడుసార్లు అన్నారు. రిపోర్టు అడిగిన పెద్ద కంపెనీకి వెళ్ళిపోయింది కూడా. నన్ను జులై దాకా ఆపకుండా ముందే ఖాయం చేసే మాట ఉందట.

24న శనివారం మేడం స్వయంగా విజయవాడ వస్తున్నారు. ఒక్క వన్ టౌన్‌లోనే తొమ్మిది ప్లాటినం భవనాలున్నాయంటే చూసి తీరాలన్నారు. నేనూ అదే అనుకుంటున్నాను. సెలవులన్నీ అక్కడే గడిపాను కదా, ప్లాటినం భవనం ఎప్పుడు లేచింది? గోడౌన్లు పడగొట్టి కట్టారా?

ఆవిణ్ణి నువ్వే తిప్పాలి. మంచి చొక్కా వేసుకో. వెంటనే జవాబు రాయి.

నీ ఉష


గవర్నర్‌పేట,
10 మే 2025.

ఒసే దొంగమొహమా,

శభాష్. నీ ఉత్తరం చదివి అరగంట నవ్వాను. లాడ్జిలో దిగినవాళ్ళు వచ్చి ఏమైందని అడిగారు.

నలభై ఏళ్ళుగా ఊరందరికీ టోపీలు పెడుతున్నాను. నాకు తిరిగి పెట్టాలని చూసిన మొదటి మనిషివి నువ్వే. రిపోర్టు వెళ్ళిపోయిందట, మేడం వస్తున్నదట. తెలుగు చదవడం రాని చక్రి అనేవాణ్ణి కూడా పుట్టించావు. ఎంత వాటంగా అల్లావే. నా పెంపకం ఎక్కడికి పోతుంది.

పట్టుబడ్డావు గనక నా వైపు సంగతి కూడా చెప్పేస్తాను. రవూఫ్ భాయ్ కొట్టుకి ఎదురుగా సంజీవరావు అని ఇత్తడి మీద పేర్లు చెక్కే ఆయన ఉన్నాడు. పలకలన్నీ ఆయన చేతివే. సర్టిఫికెట్ నెంబర్లు ఏం వెయ్యమంటారన్నాడు. మన లాడ్జిలో గదులు ముప్ఫై నాలుగు. గదికొక భవనం చొప్పున వేయించాను. 101 రవూఫ్ భాయ్ గోడౌన్, 207 రామకోటేశ్వరరావు టిఫిన్ హోటలు, 311 మన లాడ్జే. "మీకు ప్లాటినం ఇస్తున్నాం" అని చెబితే ఒక్కడూ ఎందుకని అడగలేదు. మేకు ఎక్కడ కొట్టాలని అడిగారు.

రవూఫ్ భాయ్ ఫారం చదివావు కదూ? 'నీటి పొదుపు: కుళాయి రోజుకి గంటే వస్తుంది, అంతకు మించిన పొదుపు మా వల్ల కాదు. సైకిల్ స్టాండు: ఉంది, సైకిలే పోయింది. పగటి వెలుతురు: తలుపు తీస్తే వస్తుంది, తీస్తే దుమ్ము కూడా వస్తుంది.' అది చదివి కూడా నవ్వకుండా ఉత్తరం రాశావంటే నువ్వు గట్టిదానివే.

మీ లేని మేడంని తప్పకుండా పంపు. స్టేషన్‌కి బ్యాండు మేళం మాట్లాడాను. ఆవిడక్కూడా ఒక పలక చెక్కిస్తాను. సిల్వర్ కావాలో గోల్డ్ కావాలో కనుక్కో.

ఇట్లు, నీ గురువు,
తిరుపతిరావు


హైదరాబాదు,
15 మే 2025.

తిరుపతిరావు గారికి,

నేను టోపీ పెట్టలేదు. చక్రి ఉన్నాడు. మేడం ఉన్నారు. రిపోర్టు నిజంగానే వెళ్ళిపోయింది.

మీ ఉత్తరం అందాక స్టోర్‌రూములో కూర్చుని ముప్ఫై నాలుగు ఫారాలూ చదివాను. అవి ఇంకెవరి పేరునైనా వెళ్ళి ఉంటే నేనూ నవ్వేదాన్నేమో. రిపోర్టు అడుగున నా సంతకం ఉంది. మీరు పంపారు కదా, చూసుకునే పనేముందని పుణె నుంచే కంప్యూటర్లో సంతకం పెట్టేశాను. అది నా తప్పు. మిమ్మల్ని నమ్మడం రెండో తప్పు.

మేడం మద్రాసులో ఉన్నారు. ఫోన్ చేసి చెప్పాను, ముప్ఫై నాలుగూ అబద్ధమని, చేసింది మా మామయ్యని, చూడకుండా సంతకం పెట్టింది నేనని. మొత్తం విన్నారు. తరవాత "టికెట్ తీసుకున్నాను కదా, వెళ్తాను" అని పెట్టేశారు. నన్ను ఉంచుతారో లేదో చెప్పలేదు.

24 పొద్దున పదకొండింటికి విజయవాడలో దిగుతారు. అడిగింది చూపించండి. అడిగినదానికే జవాబు చెప్పండి. హాస్యాలు వద్దు.

ఉషశ్రీ


గవర్నర్‌పేట,
25 మే 2025.

ఉషా,

బ్యాండు మేళం వద్దని చెప్పేశాను. ముందు ఆ భయం తీర్చుకో.

నువ్వు 'గారు' అని రాసిన ఉత్తరం మీ అత్త చేతికిచ్చాను. చదివింది, మడిచింది, తిరిగి నా జేబులోనే పెట్టింది. తిట్టి ఉంటే హాయిగా ఉండేది.

మేడం బండి దిగుతూనే, "నూట ఒకటి నుంచి మూడువందల పదకొండు దాకా మీరేనాండీ?" అన్నారు. అవునండీ అన్నాను. "పదండి" అన్నారు. కాఫీ కూడా తాగలేదు.

మొదట రవూఫ్ భాయ్ గోడౌన్. సంచిలోంచి ఉష్ణోగ్రత కొలిచే మీటరు తీశారు. బయట నలభై మూడు, లోపల ముప్ఫై మూడు. నాకు ఛాతీ కొంచెం పొంగింది. అప్పుడావిడ "లైట్లు తీసెయ్యండి" అన్నారు. తీశాం. ఎవరి చెయ్యి ఎవరిదో తెలియలేదు. రవూఫ్ భాయ్ పిల్లి తోక తొక్కాడు. ఆ చీకట్లోంచే మేడం గొంతు వినపడింది. "చీకట్లో చల్లగా ఉంటే సర్టిఫికెట్ ఇవ్వరండీ. చీకట్లో నూతి కప్ప కూడా చల్లగానే ఉంటుంది."

తరవాత మన లాడ్జి. గదులు కాదు, తిన్నగా బాత్‌రూముల్లోకి వెళ్ళారు. ఒక్క మొదటి అంతస్తులోనే ఏడు కుళాయిలు కారుతున్నాయి. ఇన్నాళ్ళూ నాకు వినపడని చప్పుడు, ఆవిడ పక్కన నిలబడితే ఏడూ విడివిడిగా వినపడ్డాయి. లెక్కవేసి, "వందకి పదకొండు మార్కులు. అవి కూడా బస్టాండు దగ్గర్లో ఉన్నందుకు" అన్నారు.

పలకలన్నీ ఆ రోజే పీకించమన్నారు. ఇక్కడ వచ్చింది తంటా. ఒక్కరూ ఇవ్వనంటారు. టిఫిన్ హోటలు రామకోటేశ్వరరావు పలక పెట్టిన మర్నాటి నుంచి పగలు లైట్లు మానేశాడట. రవూఫ్ భాయ్ అయితే గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"ఇది పెట్టాకే కదమ్మా నేను టాంకు చిల్లు మూయించింది. పైన ప్లాటినం అని రాసుకుని కింద నీళ్ళు కారుతుంటే నలుగురూ ఏమనుకుంటారు?"

మేడం వెళ్ళి టాంకు చూసొచ్చారు. "మంచి పనే చేశారు. అయినా తియ్యండి" అన్నారు. ఆయన తీశాడు. తిప్పి, వెనకవైపు బోసి ఇత్తడి పైకి వచ్చేలా మళ్ళీ అదే మేకు మీద కొట్టుకున్నాడు.

ఆఖర్న నీ గురించి అడిగాను. తప్పు నాదేనండీ, పిల్లకి శిక్ష వెయ్యకండన్నాను. "అమ్మాయి తానే ఫోన్ చేసి చెప్పింది. ఇంకా కుర్చీలో ఉందంటే అందుకే" అన్నారు. ఆ మొదటి పదకొండు ఫారాలూ నిజమేనండీ, చూసిందే రాశాను అన్నాను. "ముప్ఫై నాలుగు అబద్ధాల పక్కన పదకొండు నిజాలు పెడితే అవి నాకెందుకు పనికొస్తాయండీ?" అన్నారు.

జూన్ పదిహేనులోగా ఆ పదకొండూ మళ్ళీ చూసి కొత్త ఫారాలు పంపాలట. ప్రతిదాని మీదా రెండు సంతకాలు, నాదీ మీ అత్తదీ. ఒక్కటి తేడా వచ్చినా అమ్మాయిని ఇంటికి పంపేస్తానన్నారు.

మీ అత్త చెప్పులు వేసుకుని స్కూటరు దగ్గర నిలబడింది.

తిరుపతిరావు


హైదరాబాదు,
1 జూన్ 2025.

మామయ్యకి,

కోపం తగ్గి 'మామయ్య' అని రాశాననుకోకు. 'గారు' అని రాస్తే అమ్మ కోప్పడింది.

రిపోర్టు వెనక్కి తెప్పించారు. మీటింగులో లేచి నిలబడి, విజయవాడకి నలభై ఐదు కాదు, ఎన్నో ఇంకా తెలియదు అని నా నోటితో చెప్పాను. ఇరవై మంది ఉన్నారు. ఆ తరవాత చక్రి తెలుగు అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. నీ ఫారాలే వాచకం. సై, కి, లే, పో, యిం, ది అని కూడబలుక్కుని ఒక్కసారి పకపకా నవ్వాడు. మేడం గదిలోంచి కూడా చిన్న దగ్గు లాంటిది వినపడింది. నాకూ నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు నీ మీద కోపం ఇంకొంచెం పెరిగింది.

రెండు సంగతులు జాగ్రత్తగా చూడు. కట్టడం పూర్తయ్యాకే సర్టిఫికెట్ ఇస్తారు. అంతకు ముందు పేరు నమోదు చేసుకుంటే ఆ బోర్డు లెక్కలోకి రాదు. రెండోది, సర్టిఫికెట్‌కి గడువు ఉంటుంది. గడువు దాటితే మళ్ళీ కొలిపించుకోవాలి. పలక మీద తేదీ చూడు.

నీ చేతిలో నేను పెట్టింది బెజవాడ పరువు కాదు మామయ్యా. నా ఉద్యోగం.

ఉష


గవర్నర్‌పేట,
13 జూన్ 2025.

ఉషా,

ఫారాలు వేరే కవర్లో రిజిస్టర్డు పోస్టులో వస్తున్నాయి. ఇందులో అందులో రాయని సంగతులు.

మీ అత్త వెనక కూర్చుంటే స్కూటరు నలభై దాటదు. ఊళ్ళో ఇన్ని స్పీడు బ్రేకర్లున్నాయని ఇప్పుడే తెలిసింది. ప్రతి గేటు దగ్గరా దిగి, కళ్ళజోడు తుడుచుకుని, పలక మొత్తం పైనుంచి కిందికి చదివి, అప్పుడు సంతకం పెడుతుంది. పెళ్ళి శుభలేఖ కూడా అంత శ్రద్ధగా చదవలేదు, చదివి ఉంటే పారిపోయేదే.

ఎనిమిది బాగానే కుదిరాయి. తొమ్మిదోది బెంజి సర్కిలుకి అవతల. బోర్డు పెద్దదే గానీ వెనకాల స్తంభాలు తప్ప ఏమీ లేదు. ఏప్రిల్లో నేనూ రవూఫ్ భాయ్ బోర్డు ఫోటో తీసుకుని వెళ్ళిపోయాం, తల ఎత్తి చూడలేదు. పదకొండు నిజాలని మేడంతో గొప్పగా చెప్పాను చూడు, అందులో ఒకటి అక్కడే కూలింది. పదోది సరిపోయింది.

పదకొండోది ఒక ఆసుపత్రి. పేరు రాయను, ఫారంలో ఉంది. భవనం బంగారం లాంటిది. గాలి ఆడుతుంది, వాననీళ్ళు గుంటలోకి వెళ్తాయి, కాంపౌండులో వేపచెట్టు కింద రోగుల తాలూకు వాళ్ళు కూర్చుని అన్నాలు తింటున్నారు. పలకకి మాత్రం బంతిపూల దండ వేశారు. మీ అత్త దండ పక్కకి జరిపింది. గడువు నిరుడు మార్చితో అయిపోయింది.

ఆఫీసులో అడిగితే, "మళ్ళీ కొలిపించాలండీ, ఎక్కడ కుదురుతోంది" అన్నాడు అక్కడి పెద్దమనిషి.

బయటికొచ్చి వేపచెట్టు కింద నిలబడ్డాం. ఇదొక్కటి ఉంచితే పది. తీసేస్తే తొమ్మిది. మనూరు ఒంటి అంకెకి పడిపోతుంది. "భవనం మంచిదే కదా తులసీ. ఆ దండ మనం చూడలేదనుకుంటే పోయె" అన్నాను. మీ అత్త కళ్ళజోడు పెట్టెలో పెట్టేసుకుంది. నేను ఏది రాసినా చదవకుండా సంతకం పెడతానని దానర్థం. ఇరవై ఏడేళ్ళలో ఆవిడ నా రాత చదవకుండా నమ్మడం అదే మొదలు.

పెన్ను చాలాసేపు పట్టుకున్నాను. 'గడువు దాటింది, లెక్కలోకి రాదు' అని రాసి, కింద ఇంకో వాక్యం రాశాను. 'భవనం మాత్రం మంచిది, కొలిచేవాళ్ళని త్వరగా పంపగలరు.' అది హాస్యం కాదని మేడంకి చెప్పు.

అంకె తొమ్మిది. కొట్టివేతలు లేవు.

తిరుపతిరావు
రామతులసి (చదివాను, నిజమే)


హైదరాబాదు,
24 జూన్ 2025.

మామయ్యా,

నిన్న మేడం పిలిచారు. బల్ల మీద నీ పదకొండు ఫారాలూ, పక్కన ఇంకో రెండు ఉన్నాయి. మీ ఊళ్ళో దిగిన రోజే, నీకు చెప్పకుండా, నీ మొదటి ఫోటోల్లో అనుమానం తగిలి, ఆ ఆసుపత్రికీ స్తంభాల దగ్గరికీ ఆవిడే ఒక్కరూ వెళ్ళి చూసుకున్నారట. "ఈ రెండూ ఎలా వస్తాయా అని పది రోజులుగా పోస్టు కోసం చూస్తున్నానమ్మా" అన్నారు. ఆవిడ ఫారంలోనూ అదే ఉంది, గడువు దాటింది అని. భవనం మంచిదన్న వాక్యం మాత్రం ఆవిడ రాయలేదు. నీది చూసి చేర్చుకున్నారు. కొలిచేవాళ్ళకి ఉత్తరం కూడా వెళ్ళింది.

జులై ఒకటి నుంచి నా ఉద్యోగం ఖాయం. కాగితం చేతికిచ్చారు. స్టోర్‌రూములోకి వెళ్ళి కాసేపు ఏడ్చి వచ్చాను. చక్రి అనుమానంగా చూసి, మీ మామయ్య మళ్ళీ రాశాడా అన్నాడు.

కొత్త పట్టికలో విజయవాడ తొమ్మిది. విశాఖ అంకె ముట్టుకోలేదు. అది చూడగానే నీకేమనిపిస్తుందో నాకు తెలుసు, మేడంకీ తెలిసినట్టుంది. విజయవాడలో రెండు పోయాయంటే తక్కిన ఊళ్ళ అంకెలు కూడా మళ్ళీ చూడాలన్నారు. మొదట విశాఖే. ఎవరిని పంపుదామని అడిగారు.

ఎవరి పేరు చెప్పానో మేడం నన్ను రెండోసారి అడిగి రాసుకున్నారు. కాసేపు పెన్ను తిప్పి, "వాళ్ళావిడ కూడా వస్తుందిగా?" అన్నారు. వస్తుందండీ అన్నాను. రెండు టికెట్లూ ఈ కవర్లోనే ఉన్నాయి. కిటికీ సీటు అత్తయ్యది.

అక్కడ ఎన్ని ఉంటే అన్నే రాయాలి మామయ్యా. ఎక్కువున్నా సరే.

నీ కోడలు పిల్ల,
ఉష